లెక్కకు అందని సైనికుడు: మాజీ సైనికుల ఆత్మహత్యలూ రికార్డుల చరిత్రా

యుద్ధంలో నేలకొరిగిన సైనికుడి పేరును ఏ రాజ్యమూ మరచిపోదు. ఢిల్లీలో ఇండియా గేటు పక్కన 2019లో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకం గ్రానైట్ ఫలకాలపై 25 వేలకు పైగా పేర్లు చెక్కి ఉన్నాయి. ప్రతి పేరు వెనుక ఒక రెజిమెంటు, ఒక నంబరు, ఒక తేదీ ఉంటాయి. యూనిఫారం విప్పి, పెట్టె సర్దుకుని సొంతూరికి చేరి, నెలలకో ఏళ్లకో తన ప్రాణం తానే తీసుకున్న సైనికుడి సంగతి వేరు. అతని మరణం పోలీస్ స్టేషన్‌లో ఒక కేసు నంబరుగా, పంచాయతీ కార్యాలయంలో ఒక ధ్రువపత్రంగా, పింఛను కార్యాలయంలో ఒక నిలిపివేతగా మూడు చోట్ల నమోదవుతుంది. ఆ మూడు కాగితాలూ ఒకదానినొకటి ఎన్నడూ కలుసుకోవు. ఆ మరణించినవాడు ఒకప్పుడు సైనికుడన్న సంగతి దేశం లెక్కలోకి రాదు.

ఆ కాగితాలను కలిపి చదవాలన్న ఆలోచనకు ముప్పావు శతాబ్దపు చరిత్ర ఉంది. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాలు వేర్వేరు కాలాల్లో, వేర్వేరు ఒత్తిళ్ల మధ్య ఆ పని చేశాయి. ఆ ప్రయత్నాల్లో కొన్ని వదంతులు కూలిపోయాయి. కొన్ని అసౌకర్యమైన సత్యాలు బయటపడ్డాయి. ప్రభుత్వాలు దాచాలనుకున్నవీ, ఉద్యమకారులు నమ్మాలనుకున్నవీ రెండూ తప్పని తేలిన సందర్భాలున్నాయి. భారత సైన్యంలో నాలుగేళ్ల కొలువు మొదలైన ఈ కాలంలో ఆ చరిత్రను మనం శ్రద్ధగా చదవవలసి ఉంది.

జీవిత గ్రంథంలో చెదిరిన పుటలు

సైన్యంలో ఆత్మహత్యలను శాస్త్రీయ చర్చలోకి తెచ్చిన తొలి గ్రంథాల్లో ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త ఎమిల్ దుర్ఖైమ్ 1897లో ప్రచురించిన రచన ముఖ్యమైనది. ఐరోపా దేశాల అధికారిక పట్టికలను పోల్చి, అదే వయసు పౌరుల కంటే సైనికుల్లో ఆత్మహత్యలు ఎక్కువని, సైన్యంలో ఎంత ఎక్కువ కాలం ఉంటే ప్రమాదం అంత పెరుగుతుందని ఆయన వాదించాడు. వ్యక్తి తన సమూహంలో పూర్తిగా లీనమై, తన ప్రాణానికి తానే విలువ ఇవ్వని స్థితికి చేరుతాడన్నది ఆయన వివరణ. అయితే ఆయన చేతిలో ఉన్నవి మొత్తాలు మాత్రమే. కొలువులో ఉండగా మరణించినవారే ఆ పట్టికల్లో ఉన్నారు. ఇంటికి వెళ్లినవాడు పట్టిక నుంచే జారిపోయాడు.

జారిపోయినవాణ్ని వెతికి పట్టుకునే పద్ధతికి పేరు పెట్టినవాడు అమెరికా జనన మరణ గణాంకాల అధిపతి హాల్బర్ట్ డన్. ప్రతి మనిషీ పుట్టుకతో మొదలై మరణంతో ముగిసే ఒక జీవిత గ్రంథాన్ని రచిస్తాడని, దాని పుటలు రకరకాల కార్యాలయాల్లో చెదిరిపోయి ఉంటాయని, వాటిని ఏరి ఒకే సంపుటంగా కుట్టడమే రికార్డుల అనుసంధానమని 1946లో ఆయన రాసిన చిన్న వ్యాసం ఆ రంగానికి మూలమైంది. 1959లో కెనడా శాస్త్రవేత్త హోవర్డ్ న్యూకోంబ్, ఆయన సహచరులు బ్రిటిష్ కొలంబియా రాష్ట్రపు జనన, వివాహ రికార్డులను కంప్యూటరుతో జతపరచి ఆ ఉపమానాన్ని యంత్రాంగంగా మార్చారు. పేర్ల అక్షరదోషాలు, మారిన ఇంటిపేర్లు, తారుమారైన తేదీల మధ్య ఈ ఇద్దరూ ఒకే మనిషా అన్నది ఎంత నమ్మకంగా చెప్పవచ్చో లెక్కగట్టే గణితం 1969 నాటికి సిద్ధమైంది. 1979 నుంచి దేశవ్యాప్తంగా సంభవించిన మరణాలను ఒకచోట చేర్చే జాతీయ మరణ సూచిక అమెరికాలో రూపుదాల్చింది. ఇక ఒక సైనికుడి పేరు, పుట్టిన తేదీ, సామాజిక భద్రతా సంఖ్య ఉంటే చాలు. అతడు ఏ రాష్ట్రంలో, ఎప్పుడు, ఏ కారణంతో మరణించాడో వెతకవచ్చు.

వియత్నాం: ఒక వదంతి, ఒక లాటరీ

వియత్నాం యుద్ధంలో 58 వేల మందికి పైగా అమెరికన్ సైనికులు మరణించారు. 1980వ దశకంలో ఒక మాట ఆ దేశమంతా వ్యాపించింది. యుద్ధంలో చనిపోయినవారి కంటే తిరిగివచ్చి ఆత్మహత్య చేసుకున్నవారే ఎక్కువన్నది ఆ మాట. పత్రికలు రాశాయి, సభల్లో నేతలు పలికారు. ఆధారమేమిటని అడిగినవారు తక్కువ. యుద్ధాన్ని వ్యతిరేకించేవారికి అది యుద్ధపు క్రూరత్వానికి రుజువు. మాజీ సైనికులకు అది తమ గోడు వినని ప్రభుత్వంపై అభియోగం.

రికార్డులు మరో కథ చెప్పాయి. వ్యాధి నియంత్రణ కేంద్రం 1987లో ప్రచురించిన అధ్యయనం వియత్నాంకు వెళ్లిన 9 వేల పైచిలుకు సైనికులనూ, అదే కాలంలో ఇతర చోట్ల పనిచేసిన దాదాపు అంతే మందినీ 1983 చివరి వరకు వెంబడించింది. సైన్యం వీడిన తొలి అయిదేళ్లలో వియత్నాం సైనికుల మరణాల రేటు 45 శాతం ఎక్కువగా ఉంది. రోడ్డు ప్రమాదాలు, ఆత్మహత్యలు, హత్యలు దానికి ప్రధాన కారణాలు. అయిదేళ్లు దాటాక ఆ తేడా దాదాపు చెరిగిపోయింది. వియత్నాం సైనికుల ఆత్మహత్యలు ఆనాటికి 9 వేల లోపేనని 1990లో మరో పరిశోధక బృందం లెక్కగట్టింది. వదంతి కూలిపోయింది, కానీ దాని వెనుక ఉన్న వేదన అబద్ధమని తేలలేదు. వేలలో ఉన్న మరణాలు వేలలోనే ఉన్నాయి. ప్రమాదం ఎప్పుడు ఎక్కువో మాత్రం తొలిసారి తెలిసింది.

అదే కాలపు మరో అధ్యయనం మరింత చమత్కారమైనది. ఎవరు యుద్ధానికి వెళ్లాలన్నది అమెరికా ఆనాడు పుట్టిన తేదీల లాటరీతో నిర్ణయించింది. అంటే మరణ ధ్రువపత్రంపై ఉన్న పుట్టిన తేదీయే ఆ మనిషి లాటరీలో తగిలాడో, తప్పించుకున్నాడో చెప్పేస్తుంది. 1950-52 మధ్య పుట్టిన పురుషుల మరణ రికార్డులను కాలిఫోర్నియా, పెన్సిల్వేనియా రాష్ట్రాల నుంచి తీసుకుని పరిశోధకులు 1986లో పోల్చారు. లాటరీ తగిలినవారిలో ఆత్మహత్యలు 13 శాతం ఎక్కువ. లాటరీ తగిలినా సైన్యంలో చేరనివారు ఆ గుంపులో అనేకులున్నారు కనుక నిజంగా చేరినవారిపై పడిన భారం అంతకంటే చాలా పెద్దదని వారు నిర్ధారించారు. సైన్యంలో చేరేవారి స్వభావమే అంత, సైన్యం తప్పేమీ లేదని వాదించేవారికి ఇది గట్టి సమాధానం. లాటరీ ఎవరి స్వభావాన్నీ చూడదు కదా!

ఫాక్లండ్స్ నుంచి మాంచెస్టర్ వరకు

ఇదే వదంతి సముద్రానికి ఆవలి ఒడ్డునా పుట్టింది. 1982లో 74 రోజులు సాగిన ఫాక్లండ్స్ యుద్ధంలో 255 మంది బ్రిటిష్ సైనికులు మరణించారు. అంతకంటే ఎక్కువ మంది ఆ తరువాత ఆత్మహత్య చేసుకున్నారన్న మాట దశాబ్దాల పాటు వార్తల్లో నలిగింది. 2013లో బ్రిటన్ రక్షణ శాఖ ఆ యుద్ధంలో పాల్గొన్న 25,948 మంది జాబితాను మరణ రికార్డులతో జతపరచింది. ఆత్మహత్యలూ, ఉద్దేశం తేలని మరణాలూ కలిపి 95 అని వెల్లడించింది. ముప్పై ఏళ్ల ప్రచారం ఒక పట్టికతో ముగిసింది.

అంతకు నాలుగేళ్ల ముందే మాంచెస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మరింత విలువైన పని చేశారు. 1996-2005 మధ్య బ్రిటిష్ సేనలను వీడిన 2,33,803 మంది వివరాలను జాతీయ ఆత్మహత్యల విచారణ రికార్డులతో కలిపి చూశారు. 224 మంది ఆత్మహత్య చేసుకున్నారు. మొత్తం మీద చూస్తే సాధారణ జనంతో పోల్చినప్పుడు ఇది ఎక్కువ కాదు. ప్రభుత్వం అక్కడితో ఆగి ఊపిరి పీల్చుకోవచ్చు. కానీ వయసుల వారీగా విడదీసినప్పుడు చిత్రం మారింది. 24 ఏళ్ల లోపు సైన్యం వీడిన యువకుల్లో ఆత్మహత్య ప్రమాదం అదే వయసు పౌరుల కంటే రెండు మూడు రెట్లు అధికం. తొలి రెండేళ్లే అత్యంత ప్రమాదకరం. తక్కువ కాలం పనిచేసినవారు, కింది హోదాలో ఉన్నవారు ఎక్కువగా బలయ్యారు. వారిలో మానసిక వైద్యుణ్ని కలిసినవారు అతి తక్కువ. 2018 వరకు సేనలను వీడిన నాలుగున్నర లక్షల మందికి పైగా వ్యక్తులతో 2023లో అదే బృందం చేసిన విస్తృత అధ్యయనంలోనూ యువకుల విషయంలో అదే ధోరణి కనిపించింది.

దుర్ఖైమ్ నాటి సూత్రం ఇక్కడ తలకిందులైంది. సుదీర్ఘ కాలం సైన్యంలో కరిగిపోయినవాడు కాక, సైన్యంలో పూర్తిగా ఇమడకముందే బయటపడినవాడు ఎక్కువ ప్రమాదంలో ఉన్నాడు. అయితే ఈ ఫలితాన్ని జాగ్రత్తగా చదవాలి. త్వరగా వైదొలగినవారిలో చిన్ననాటి కష్టాలు మోసుకొచ్చినవారు, శిక్షణ తట్టుకోలేకపోయినవారు, క్రమశిక్షణ చర్యకు గురైనవారు ఉంటారు. సైన్యం వల్ల వచ్చిన గాయమెంత, సైన్యానికి ముందే ఉన్న గాయమెంత అన్నది ఈ రికార్డులు తేల్చలేవు. చేయి అందించవలసిన వేళ ఏదో మాత్రం అవి స్పష్టంగా చెప్పగలవు.

ఇరవై రెండు అన్న అంకె

ఇరాక్, అఫ్గానిస్థాన్ యుద్ధాల కాలంలో అమెరికా రాజకీయాల్లో ఈ ప్రశ్న మళ్లీ రగిలింది. 2007 నవంబరులో సీబీఎస్ వార్తా సంస్థ రాష్ట్రాలన్నింటి నుంచి మరణ గణాంకాలు కోరింది. 45 రాష్ట్రాలు ఇచ్చాయి. 2005 ఒక్క ఏడాదే కనీసం 6,256 మంది మాజీ సైనికులు ఆత్మహత్య చేసుకున్నారని ఆ సంస్థ ప్రకటించింది. మాజీ సైనికుల వ్యవహారాల శాఖ ఆ లెక్కను తోసిపుచ్చింది. మరుసటి ఏడాది ఒక కోర్టు కేసు సందర్భంగా శాఖ ఉన్నతాధికారి అంతర్గత ఈమెయిల్ బయటపడింది. శాఖ వైద్యం చేస్తున్నవారిలో నెలకు దాదాపు వెయ్యి ఆత్మహత్యా ప్రయత్నాలు జరుగుతున్నాయని అందులో ఉంది. ‘ష్‌...’ అంటూ నోటిమీద వేలు వేసే మాటతో ఆ సందేశం మొదలైంది. కాంగ్రెస్ విచారణ జరిగింది. ఒక ప్రభుత్వ శాఖ లెక్కలు లేక ఇబ్బంది పడలేదు, లెక్కలు ఉండి ఇబ్బంది పడిందన్నది ఆనాటి గుణపాఠం.

2013లో ఆ శాఖ తానే ఒక నివేదిక ప్రచురించింది. రోజుకు 22 మంది మాజీ సైనికులు ఆత్మహత్య చేసుకుంటున్నారన్న అంచనా అందులోదే. ఆ అంకె నినాదమైంది. దాని పేరిట దీక్షలు, పరుగులు, సామాజిక మాధ్యమాల సవాళ్లు జరిగాయి. 2015లో కొత్త నివారణ చట్టం కూడా వచ్చింది. కానీ ఆ అంచనాకు ఆధారం 21 రాష్ట్రాల రికార్డులే. అతి పెద్ద రాష్ట్రాలైన కాలిఫోర్నియా, టెక్సాస్ అందులో లేవు. పైగా మరణించినవారిలో మూడింట రెండు వంతులకు పైగా 50 ఏళ్లు దాటినవారు. నినాదం మాత్రం ఇరాక్ నుంచి వచ్చిన యువ సైనికుడి ముఖాన్ని ప్రజల ముందు నిలిపింది.

ఈ లోపాన్ని సరిదిద్దింది రికార్డుల అనుసంధానమే. రక్షణ శాఖ, మాజీ సైనికుల శాఖ కలిసి ఉమ్మడి రికార్డుల భాండాగారం ఏర్పాటు చేసుకున్నాయి. 1979 నుంచి 2014 వరకు అన్ని రాష్ట్రాలకు చెందిన 5.5 కోట్ల రికార్డులను పరిశీలించి 2016లో వెలువరించిన నివేదిక రోజుకు 20 మరణాలని చెప్పింది. ఆ ఇరవైలో కొలువులో ఉన్నవారూ, రిజర్వు దళాలవారూ కలిసి ఉన్నారని, మాజీ సైనికులు దాదాపు 17 మందేనని శాఖ తరువాత వివరించవలసి వచ్చింది. ఒకే అంకె చుట్టూ ఇన్ని సవరణలా అని విసుక్కోనవసరం లేదు. ఎవరిని మాజీ సైనికుడిగా లెక్కిస్తామన్నదే ఇక్కడ మొదటి రాజకీయ నిర్ణయం.

ఆ నివేదికలో అసలు ముఖ్యమైన వాక్యం వేరే ఉంది. మరణించిన ప్రతి ఇరవై మందిలో దాదాపు ఆరుగురే శాఖ ఆసుపత్రుల సేవలు వాడుకుంటున్నవారు. పద్నాలుగురు ఆ గడప తొక్కనివారు. ఆసుపత్రి తన రోగుల రికార్డులు మాత్రమే చూసుకుంటే ఈ పద్నాలుగురు ఎన్నటికీ కనిపించరు. మరణ సూచికతో జతపరచినప్పుడే కనిపించారు. 2023 జనవరి నుంచి ఆత్మహత్యా సంక్షోభంలో ఉన్న అర్హులైన మాజీ సైనికులు శాఖలో పేరు నమోదు చేసుకోకపోయినా ఏ ఆసుపత్రిలోనైనా ఉచిత అత్యవసర చికిత్స పొందే ఏర్పాటు వచ్చింది. గడప తొక్కనివాడి దగ్గరకు గడపే వెళ్లాలన్న ఆలోచన అది.

యుద్ధమే ఏకైక కారణమన్న నమ్మకాన్నీ ఈ రికార్డులు కదిలించాయి. 39 లక్షల మంది అమెరికన్ సైనికుల వివరాలతో 2015లో వెలువడిన అధ్యయనం ప్రకారం, యుద్ధభూమికి వెళ్లడానికీ ఆత్మహత్యకూ స్పష్టమైన సంబంధం కనిపించలేదు. సైన్యాన్ని వీడటానికీ ఆత్మహత్యకూ సంబంధం కనిపించింది. నాలుగేళ్ల లోపే వెళ్లిపోయినవారిలో, గౌరవప్రదం కాని రీతిలో తొలగింపునకు గురైనవారిలో ఆ ప్రమాదం మరింత ఎక్కువ. తుపాకీ మోత కంటే దాని తరువాతి నిశ్శబ్దం కొందరికి భరించరానిదైందన్న మాట.

కన్నతల్లుల పట్టుదల, కమిషన్ లెక్క

ఆస్ట్రేలియా కథలో కదలిక తెచ్చినవారు బిడ్డలను పోగొట్టుకున్న తల్లులు. వారి ఏళ్ల తరబడి పోరాటం ఫలితంగా 2021లో రాయల్ కమిషన్ ఏర్పడింది. అప్పటికే ఆ దేశ ఆరోగ్య సంక్షేమ సంస్థ రక్షణ శాఖ సిబ్బంది జాబితాను జాతీయ మరణ సూచికతో జతపరుస్తూ ఏటా నివేదికలు ఇస్తోంది. తొలి నివేదికలు 2001 తరువాత పనిచేసినవారికే పరిమితమయ్యాయి. కొత్త సిబ్బంది కంప్యూటర్ వ్యవస్థ అప్పుడే వచ్చింది మరి! పాత రికార్డులు తవ్వి 1985 నాటికి వెనక్కి వెళ్లాక మరణాల సంఖ్య బాగా పెరిగింది. 1997-2021 మధ్య 1,677 మంది. అంతకుముందు ఆ మనుషులు చావలేదని కాదు. వారు ఉన్న కాగితాన్ని ఎవరూ తెరవలేదు.

విడదీసి చూస్తే మరో సత్యం తేలింది. కొలువులో ఉన్న పురుషుల్లో ఆత్మహత్యల రేటు సాధారణ జనం కంటే తక్కువ. వైదొలగిన పురుషుల్లో దాదాపు నాలుగో వంతు ఎక్కువ. వైదొలగిన మహిళల్లో అయితే సాధారణ మహిళలతో పోలిస్తే సుమారు రెట్టింపు. సంఖ్యలో తక్కువగా ఉండటం వల్ల మహిళల బాధ మొత్తాల్లో మునిగిపోయి ఉంది. 2024 సెప్టెంబరులో కమిషన్ 122 సిఫారసులతో తుది నివేదిక సమర్పించింది. మీరు సైన్యంలో పనిచేశారా అన్న ప్రశ్నను ఆస్ట్రేలియా 2021 జనాభా లెక్కల్లో తొలిసారి చేర్చింది. అదే ఏడాది ఇంగ్లండ్, వేల్స్ కూడా చేర్చాయి.

కలిపి చూడటంలోని ప్రమాదం

రికార్డుల అనుసంధానం సర్వరోగ నివారిణి కాదు. అమెరికా శాఖ 2017 నుంచి రోగుల రికార్డుల్లోని అనేక అంశాలను కంప్యూటరుతో విశ్లేషించి, ప్రతి ఆసుపత్రిలో అత్యంత ప్రమాదంలో ఉన్న 0.1 శాతం మందిని నెలనెలా గుర్తించి వైద్యులను అప్రమత్తం చేస్తోంది. అందులో మహిళా సైనికులు ఎదుర్కొన్న లైంగిక హింస వంటి అంశాలకు మొదట చోటు దక్కలేదన్న విమర్శ వచ్చింది. రికార్డులో లేని బాధను యంత్రం చూడలేదు. పాత పక్షపాతాలు పాత రికార్డుల ద్వారా కొత్త యంత్రంలోకి ప్రవేశిస్తాయి.

అంతకంటే లోతైనది నమ్మకానికి సంబంధించిన ప్రశ్న. తన మానసిక చికిత్స వివరం పైఅధికారికో రేపటి యజమానికో తెలుస్తుందని భయపడే సైనికుడు వైద్యుడి దగ్గరకే వెళ్లడు. అప్పుడు రికార్డూ ఉండదు, ప్రాణమూ దక్కదు. అందుకే ఆస్ట్రేలియాలో పేర్లను చూసి జతపరిచేవారు వేరు, పేర్లు తీసేసిన వైద్య వివరాలు విశ్లేషించేవారు వేరు. ఒకరి చేతిలో మొత్తం మనిషి ఎప్పుడూ ఉండడు.

మన దగ్గర ఎవరు లెక్కిస్తారు?

జాతీయ నేర రికార్డుల బ్యూరో ప్రకారం భారతదేశంలో 2022లో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వృత్తుల వారీ పట్టికలో ‘పదవీ విరమణ చేసినవారు’ అన్న గడి ఒకటి ఉంది. అందులో విశ్రాంత ఉపాధ్యాయుడూ ఉంటాడు, విశ్రాంత సుబేదారూ ఉంటాడు. నలభై ఏళ్లకు సిపాయిగా దిగిపోయి ఏదో అపార్టుమెంటులో కాపలాదారుగా చేరినవాడు ‘ప్రైవేటు ఉద్యోగి’ గడిలోకి వెళ్తాడు. సొంతూరికెళ్లి అరక పట్టినవాడు ‘రైతు’ అవుతాడు. ఏటా సుమారు 60 వేల మంది మన సేనల నుంచి వైదొలగుతున్నారు. ఆ తరువాత వారిలో ఎందరు ఇలా మరణించారో చెప్పే పట్టిక ఆ బ్యూరో నివేదికలో లేదు. కొలువులో ఉన్నవారి సంగతి మాత్రం పార్లమెంటులో అడిగినప్పుడు తెలుస్తుంది. అయిదేళ్లలో త్రివిధ దళాల్లో 819 మంది ఆత్మహత్య చేసుకున్నారని 2022 జులైలో ప్రభుత్వం సభకు తెలిపింది. సైనికుల్లో సగానికి పైగా తీవ్ర ఒత్తిడిలో ఉన్నారన్న ఒక అధ్యయనం 2021లో ఢిల్లీలోని ఒక సైనిక అధ్యయన సంస్థ వెబ్‌సైట్‌లో కనిపించింది. సైన్యం దానితో విభేదించింది. అధ్యయనం వెబ్‌సైట్ నుంచి మాయమైంది. ‘ష్‌’ అన్న మాట ఏ ఒక్క దేశానికో పరిమితం కాదు.

గడి పేరు మనిషి లెక్కను ఎలా మింగేస్తుందో తెలుగు నేలకు ఒకరు చెప్పనవసరం లేదు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 421 జీవో తెచ్చి, రైతు ఆత్మహత్యలను మండల, డివిజన్ స్థాయి అధికారుల కమిటీలు ధ్రువీకరించాలని నిర్దేశించింది. పాస్‌పుస్తకం లేని కౌలు రైతు చనిపోతే అతడు రైతేనని నిరూపించుకోలేక ఎన్ని కుటుంబాలు కార్యాలయాల చుట్టూ తిరిగాయో ఇక్కడి పల్లెలకు తెలుసు. సాగు చేసినవాడు రైతు కాలేదు, పట్టా ఉన్నవాడే రైతయ్యాడు. మరణించాక కూడా మనిషికి అర్హత పత్రం అడిగే ఈ పద్ధతి సైనికుడి విషయంలో మారుతుందని ఆశించలేం.

పోలీసు లెక్కకే ఎక్కని మరణాలు కూడా తక్కువేమీ కాదు. ఇంటింటి విచారణ ఆధారంగా 2012లో లాన్సెట్ పత్రికలో వెలువడిన అధ్యయనం 2010లో దేశంలో 1,87,000 ఆత్మహత్యలు జరిగాయని అంచనా వేసింది. ఆ ఏడాది బ్యూరో లెక్క దాదాపు 1,34,600. నమోదైన మరణాల్లో వైద్యుడు కారణాన్ని ధ్రువీకరించినవి నాలుగో వంతుకు లోపే.

అయినా మార్గం లేదనడం సరికాదు. పక్కనున్న శ్రీలంకలో 1995 ప్రాంతంలో లక్షకు 47 వరకు ఉన్న ఆత్మహత్యల రేటు తరువాతి రెండు దశాబ్దాల్లో మూడింట రెండు వంతులకు పైగా తగ్గింది. ఏ పురుగుమందుల వల్ల మరణాలు ఎక్కువగా సంభవిస్తున్నాయో ఆసుపత్రి, మరణ రికార్డుల ద్వారా గుర్తించి వాటిని ఒక్కొక్కటిగా నిషేధించడం దానికి ప్రధాన కారణం. ఆ దేశం ధనిక దేశం కాదు. అది సాధించినది ఉన్న కాగితాలను కలిపి చదవడం ద్వారానే.

భారత్‌లో పుటలన్నీ ఉన్నాయి. రెజిమెంటు రికార్డు కార్యాలయంలో సైనికుడి సేవా చరిత్ర ఉంది. 2003లో మొదలైన మాజీ సైనికుల ఆరోగ్య పథకంలో చికిత్స వివరాలున్నాయి. పింఛను వ్యవస్థలో ఏటా సమర్పించే జీవన ప్రమాణ పత్రం ఉంది. 2023 సవరణ చట్టంతో జనన మరణాల జాతీయ డేటాబేసుకు దారి పడింది. మాజీ సైనికుడు ఏ రోజు మరణించాడో రాజ్యానికి తెలుసు, ఎందుకంటే ఆ రోజుతో అతని పింఛను ఆగాలి. అతడు ఎలా మరణించాడన్నది మాత్రం తెలుసుకోవలసిన అవసరం రాజ్యానికి ఇంతవరకు కలగలేదు. 2022 నవంబరులో కేంద్రం ప్రకటించిన జాతీయ ఆత్మహత్యల నివారణ వ్యూహం 2030 నాటికి మరణాలను 10 శాతం తగ్గించాలని లక్ష్యం పెట్టుకుంది. ఎవరు మరణిస్తున్నారో తెలియకుండా ఎవరిని కాపాడగలం?

నాలుగేళ్ల సైనికుడు

2022 జూన్‌లో అగ్నిపథ్ పథకం వచ్చింది. పదిహేడున్నర ఏళ్లకే చేరే యువకుడు నాలుగేళ్లు పనిచేస్తాడు. నలుగురిలో ఒక్కరికి మించి కొనసాగరు. మిగిలినవారు సుమారు 11.7 లక్షల రూపాయల సేవానిధితో ఇరవైలలోనే ఇంటికి వస్తారు. ఆ పథకానికి నిరసనగా 2022 జూన్ 17న సికింద్రాబాద్ రైల్వేస్టేషన్‌లో రైళ్లు తగలబడ్డాయి. పోలీసు కాల్పుల్లో వరంగల్ ప్రాంతపు యువకుడొకడు ప్రాణం కోల్పోయాడు. ఆనాటి చర్చంతా కొలువు గురించి, పింఛను గురించి సాగింది. కొలువు ముగిసిన మరుసటి ఉదయం గురించి అంతగా సాగలేదు.

తొలి దళాల నాలుగేళ్లు 2026 చివరి నెలల నుంచి పూర్తి కావలసి ఉంది. పథకం నిబంధనల ప్రకారం వైదొలగే అగ్నివీరుడికి పింఛను లేదు, మాజీ సైనికుల ఆరోగ్య పథకం లేదు, మాజీ సైనికుడన్న హోదా కూడా లేదు. రాజ్యానికీ అతనికీ మధ్య ఉన్న కాగితపు బంధాలన్నీ ఒకే రోజు తెగిపోతాయి. పింఛను లేదు కనుక జీవన ప్రమాణ పత్రమూ ఉండదు. అతడు బతికి ఉన్నాడో లేడో తెలుసుకోవలసిన పని సైనిక వ్యవస్థలో ఏ కార్యాలయానికీ ఉండదు.

బ్రిటన్‌లో 24 ఏళ్ల లోపు వైదొలగినవారి గురించి, అమెరికాలో నాలుగేళ్ల లోపు వైదొలగినవారి గురించి రికార్డులు చెప్పిన మాటను అగ్నివీరులకు యథాతథంగా అంటగట్టడం అన్యాయం. అక్కడ వారు మధ్యలో తొలగిపోయినవారు, ఇక్కడ వీరు ఒప్పందం పూర్తి చేసుకుని వచ్చేవారు. ఊరు, కుటుంబం, సంస్కృతి వేరు. వీరిలో అత్యధికులు నిలదొక్కుకుంటారు, కొందరు పారామిలటరీ దళాల్లో తమకు కేటాయించిన కొలువుల్లో చేరుతారు. కానీ ఆ భరోసాను అంచనాగా కాక సాక్ష్యంగా చెప్పాలంటే చేయవలసిన పని ఒకటుంది. వైదొలగిన ప్రతి అగ్నివీరుడి పేరును, గోప్యతకు చట్టబద్ధమైన కంచె వేసి, సైన్యంతో సంబంధం లేని ప్రజారోగ్య సంస్థ ద్వారా మరణ రికార్డులతో ఏటా జతపరచి ఫలితాలను పార్లమెంటు ముందుంచాలి. 2027లో జరగవలసిన జనగణనలో సైనిక సేవపై ఒక్క ప్రశ్న చేర్చినా అది పెద్ద అడుగే. ఈలోగా ఒంటరితనంతో కుంగిపోతున్నవారికి, వారి కుటుంబాలకు ప్రభుత్వ టెలిమానస్ సేవ 14416 నంబరులో అందుబాటులో ఉంది. ఆ సంగతి వైదొలగే సైనికుడి చేతిలో పెట్టే కాగితాల్లో మొదటి కాగితంపై ఉండాలి.

వియత్నాం మరణాల లెక్క తేలడానికి అమెరికాకు యుద్ధం ముగిశాక పదేళ్లకు పైగా పట్టింది. ఫాక్లండ్స్ లెక్కకు బ్రిటన్‌కు ముప్పై ఏళ్లు పట్టింది. ఆస్ట్రేలియా తల్లులు ఒక కమిషన్ కోసం ఏళ్ల తరబడి పార్లమెంటు మెట్లెక్కారు. ఆ దేశాలన్నీ జాబితాను మరణాల తరువాత వెతుక్కున్నాయి. భారత్‌కు దానిని ముందే సిద్ధం చేసుకునే అవకాశం ఉంది. తొలి దళం ఇంకా పూర్తిగా ఇల్లు చేరలేదు.